గీత పక్కన చుక్క

గోనెసంచి విప్పితే జీపు ఇంజనుకు గాలి నెట్టే టర్బో బయటపడింది. నత్తగుల్లలా మెలిక తిరిగిన ఇనుప ముద్ద, ఒళ్లంతా మసీ జిడ్డూ.

దాన్ని చూసి యూసుఫ్‌కు ఏమీ అనిపించలేదు. కొడుకు పోయినప్పటి నుంచి దేన్ని చూసినా అతనికి ఏమీ అనిపించడం లేదు.

“వరంగల్ల పాత సామాన్ల దుకాణంల దొరికింది,” అన్నాడు ప్రేమ్‌సింగ్. నర్సింహులపేట అవతల తండా అతనిది. పొగలు కక్కే జీపును ఎలాగో కొడకండ్ల దాకా లాక్కొచ్చాడు. యూసుఫ్ మెకానిక్ షెడ్డుకు రావడం ఇదే మొదలు.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు.

“మా బిడ్డ, గోరీ, దానికి నెలలు నిండినయన్నా. కడుపుల పిల్ల అడ్డం తిరిగిందట. మానుకోట పెద్ద దవాఖానకే తీస్కపోవాలన్నరు. తండాల ఉన్నది గీ ఒక్క బండే.”

యూసుఫ్ తలూపాడు.

“ఇంకొకటన్నా. మనిషి సచ్చిన బండి సామాను బిడ్డ ఎక్కే బండికి వద్దని మా ఇంటామె గట్టిగ చెప్పింది. దుకాణపోడైతే కాదనే అన్నడు. నువ్వు జర చూసి చెప్పు.”

“ఇనుము నోరిప్పి చెప్తదా?” అన్నాడు యూసుఫ్. పాత అలవాటు కొద్దీ వచ్చిన మాట. తను మాత్రం నవ్వలేదు.

నూనె పోయే రంధ్రాలకు గుడ్డ ముక్కలు కుక్కాడు. మెత్తటి బ్రష్‌ను కిరోసిన్‌లో ముంచాడు.

“గాలి కొడితె అయిపోతది గదన్నా. టైం లేదు.”

“గాలికి లోపలి చక్రం గిర్రున తిరుగుతది. నూనె లేకుంట తిరిగితె ఖరాబైతది. సగం తొవ్వల ఆగితె ఏం జేస్తవ్?”

ప్రేమ్‌సింగ్ ఫోను చేతిలో పట్టుకుని గడపలో కూర్చున్నాడు.

ముందు పైచిప్ప మీద జిడ్డు తీశాడు యూసుఫ్. అతుకు దగ్గర ఉలితో కొట్టిన గీత కనిపించింది. విప్పేముందు మెకానిక్ ఎవరైనా ఆ గీత కొడతాడు, మళ్లీ బిగించేటప్పుడు చిప్పలు సరిగ్గా కలవడానికి.

ఈ గీత పక్కన ఒక చుక్క ఉంది.

“గీత చాలదా, చుక్కెందుకురా?” అని అప్పట్లో కొడుకును ఎగతాళి చేశాడు.

“నా పనని తెల్వాలె గద, అబ్బా,” అన్నాడు ఆరిఫ్.

ఆరిఫ్ సొంతంగా విప్పి బిగించిన టర్బో ఒకే ఒక్కటి. ఊళ్లో జగపతి జీపుది. ఆ జీపులోనే జెండా పట్టుకుని జనగామ సభకు పోయాడు. దేవరుప్పుల దాటాక జీపు వాగు మీది మోరీ గోడకు గుద్దుకుంది.

యూసుఫ్ చెయ్యి ఆగలేదు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

చిప్ప విప్పాడు. చిన్నప్పుడు ఆరిఫ్ చెవులు తుడిచినట్టు లోపలి చక్రపు ఒక్కో రెక్కనూ తుడిచాడు.

ఇది ఏ బండిదో చెప్పొచ్చు. చెబితే ప్రేమ్‌సింగ్ దీన్ని ముట్టడు. టర్బో ఈ షెడ్డులోనే ఉండిపోతుంది, ఆ చుక్కతో సహా.

చాలా కాలానికి అతనికి ఒకటి కావాలనిపించింది.

ఇరుసును వేళ్లతో పట్టి ఊపి చూశాడు. కొంచెం ఊగినా పనికిరాదు అనేయొచ్చు.

ఊగలేదు. కొడుకు పని అంత బాగా కుదిరింది.

గడపలో ఫోను మోగింది. అవతల ఆడపిల్ల ఏడుపు యూసుఫ్ దాకా వినిపించింది. ప్రేమ్‌సింగ్ తమ భాషలో ఏదో సర్దిచెప్పి లేచి నిలబడ్డాడు.

యూసుఫ్ టర్బోను పొడిగా తుడిచాడు. రంధ్రాల్లోని గుడ్డ ముక్కలు ఒక్కటీ మరవకుండా తీశాడు. కొత్త నూనె పోసి చక్రాన్ని వేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది.

గీతకు గీత కలిపి చిప్ప బిగించాడు. బండికెక్కించాడు.

“ఇంజను చాలూ చెయ్యంగనే ఉరికియ్యకు. కాసేపు నిలబెట్టి తిరగనియ్యి, నూనె అందాలె.”

ఇంజను అందుకుంది. పొగ లేదు.

“మనిషి సచ్చిన బండిది కాదు గదన్నా?” ప్రేమ్‌సింగ్ అతని కళ్లలోకి చూసి అడిగాడు.

“దీన్ని బిగించినోడు నాకెరుకే,” అన్నాడు యూసుఫ్. “చెయ్యి మంచిది.”

ప్రేమ్‌సింగ్ ముఖం తేటపడింది. స్టీరింగ్ ముందు కూర్చుని, పోతూ పోతూ మాట కలిపాడు.

“గాయన ఇప్పుడు యాడ పనిచేస్తున్నడన్నా?”

యూసుఫ్ చేతులు తుడుచుకునే గుడ్డ కోసం చుట్టూ వెతికాడు. అది భుజం మీదే ఉంది.

“మోరీల కాడ జర మెల్లగ పో,” అన్నాడు.