పచ్చ గేటు ఇంట్లో సర్వే

మెడలో దొంగ కార్డు, చేతిలో అట్ట, జేబులో పెన్ను. ఎవరు చూసినా సర్వే మనిషే అనుకుంటారు గానీ, దొంగతనానికి బయలుదేరాడని అనుకోరు.

"అమ్మా, సర్వే! ఇంట్లో యాభై దాటి, పని లేకుండా ఉన్నవాళ్లున్నారా?" అని తలుపు కొడితే చాలు, జనం ఇంటి గుట్టంతా చెప్పేస్తారు. ఎవరెప్పుడు వెళ్తారు, ఎప్పుడొస్తారు, ఇల్లెప్పుడు ఖాళీ. అన్నీ విని వచ్చేసి, అదను చూసి మళ్లీ వెళ్లడం. పథకం అంతే. ఇదే మొదటి రోజు.

జీవితమంతా బీరువాలకు తాళాలు బిగించిన మనిషి అతను. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎక్కడికెళ్లినా "కబురు చేస్తాం" అన్నారే తప్ప, చేసినవాడు లేడు. మొన్న నిజం సర్వే అమ్మాయి ఇంటికొచ్చి ఇవే ప్రశ్నలడిగింది. జవాబులు చెబుతుండగానే ఈ బుద్ధి పుట్టింది.

పచ్చ గేటు ఇంటి తలుపు ఓ అరవై ఏళ్ల ఆవిడ తీసింది. కొంగుతో చెమట తుడుచుకుంటూ, అతని కార్డు వంక కాసేపు చూసి, లోపలికి రమ్మంది.

"కొడుకూ కోడలూ ఉద్యోగాలకెళ్లారు. సాయంత్రం దాకా నేనొక్కదాన్నే."

"మీరు పని కోసం చూస్తున్నారా?"

"బట్టల కంపెనీలోంచి తీసేశాక చాన్నాళ్లు చూశాను తమ్ముడూ. విసుగొచ్చి చూడటం మానేశాను."

"మానేస్తే నిరుద్యోగుల లెక్కలోకి రారక్కా."

"ఓర్నాయనో! పనీ లేదు, పని లేనివాళ్ల లెక్కలోనూ లేను. మరి నేనెక్కడున్నట్టు?" అని పకపకా నవ్వింది.

అతనికీ నవ్వొచ్చింది. ఆ ఊపులో తన ఫ్యాక్టరీ గోడు కూడా వెళ్లబోసుకున్నాడు.

"బీరువాలా! సమయానికి వచ్చావయ్యా. మా కోడలు తాళంచెవి ఎక్కడో పారేసింది. పొద్దుట్నుంచీ కుస్తీ పడుతున్నా."

ఓ తీగ ముక్క అడిగి తీసుకున్నాడు. బీరువా తలుపుకి చెవి ఆనించి, తీగని మెల్లగా తిప్పాడు. టక్కుమంది.

"అబ్బ, ఏం పనితనం! ఇది చేతిలో పెట్టుకుని ఇంటింటికీ తిరగడమేంటి తమ్ముడూ? చిన్న కొట్టు పెట్టుకోరాదూ?"

ఆవిడిచ్చిన మంచినీళ్లు తాగి బయటపడ్డాడు. ఛీ, ఇంత మంచి మనిషి ఇంటికా కన్నం వేద్దామనుకున్నది! ఈ ఇల్లే కాదు, ఇక ఏ ఇల్లూ వద్దు. తాళాలు బాగుచేసే కొట్టు పెట్టేస్తాడు.

మలుపులో కార్డు తీసేయబోతుంటే పక్కనే స్కూటర్ ఆగింది. మొగుడూ పెళ్లాం.

"సర్వేనా? మా ఇల్లు అదిగో, ఆ పచ్చ గేటు. మళ్లీ దొరకం, ఇప్పుడే రండి" అంది అమ్మాయి.

"అక్కడ అయిపోయిందమ్మా" అన్నాడు అతను హుషారుగా. "మీ అత్తగారు అన్నీ చెప్పారు. బీరువా కూడా తెరిచిపెట్టాను, ఇక తాళంచెవి వెతుక్కోనక్కర్లేదు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అత్తగారేంటండీ? మా ఇంట్లో ఉండేది మేమిద్దరమే!"