చూసిపోయేవాళ్లు

"ఫ్రిజ్జు మీద ఆ గోనెపట్టా కప్పు! ఇంకా గుడ్లప్పగించి చూస్తావేంటే?" అత్త గొంతు తగ్గించి అరిచింది.

కోడలు పట్టా లాగి కప్పింది. టీవీని మంచం కిందికి తోసింది.

"ఏం పిన్నీ, ఫ్రిజ్జుకి చలేస్తోందా?" గోడ అవతల్నుంచి పక్కింటి దర్జీ నవ్వాడు.

"నీ నోటికీ ఓ పట్టా కప్పుకోరా!"

నాలుగేళ్ల పిల్ల చాప మీద ముడుచుకుని దగ్గుతోంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది.

"అత్తమ్మా, ఒక్క చెంచా మందు పోసేస్తాను."

"సీసా కనబడిందంటే కొంప మునుగుతుంది. ఆ చూడ్డానికొచ్చేవాళ్లు వెళ్లాక పోద్దువుగాని."

"పొద్దుట్నుంచీ ఇదే మాట."

"నేనేమన్నా దాని పగదాన్నా? ఎదురింట్లో కూలరు కనబడిందని ఆ ఇల్లిక వద్దన్నాడు, వాళ్లని వెంటేసుకొచ్చే టోపీబాబు. నెల తిరక్కుండా వాళ్ల సంసారం రోడ్డున పడలేదూ? నీ మొగుడు పనిచేసే ఫ్యాక్టరీ సముద్రం అవతలికి ఎగిరిపోయింది. టోపీబాబు ఇచ్చే ఈ నాలుగు రూపాయలూ పోతే ఏం తింటావ్, గోడలా?"

కోడలు సీసాను బియ్యం డబ్బాలో దాచింది.

సందు మొదట్లో, అద్దాల మేడ నీడ పడేచోట, బూట్ల చప్పుడు వినబడింది. అరుగుల మీద కబుర్లు ఆగిపోయాయి. దర్జీ మిషను కూడా నోరు మూసుకుంది.

"పిల్లకి ఆ కొత్త గౌను విప్పెయ్."

"జ్వరం అత్తమ్మా..."

"విప్పెయ్యమన్నానా!"

టోపీబాబు తలుపు తట్టలేదు. టోపీ తగలకుండా వంగి లోపలికొచ్చాడు. వెనక ఆరుగురు దేశంకాని దేశంవాళ్లు, ముక్కులకు గుడ్డలు. వాళ్ల భాషలో ఏదో చెబుతూ అతను పొయ్యి చూపించాడు, కారే కప్పు చూపించాడు. ఒకడు గోనెపట్టా వైపు అడుగేశాడు. అత్త చటుక్కున అడ్డంగా కూలబడి, మోకాళ్లు పట్టుకుని మూలగడం మొదలెట్టింది.

అప్పుడే పిల్లకి దగ్గు తెర వచ్చింది. ఊపిరి తిప్పుకోనివ్వడం లేదు. ఆరుగురూ అటు తిరిగారు. ఫోన్లు పైకి లేచాయి. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

కోడలు వంగబోయింది.

"ఎత్తుకోకు," టోపీబాబు నవ్వు చెదరకుండా అన్నాడు. "అక్కడే ఉండు."

ఆమె చేతులు కట్టుకుని నిలబడిపోయింది. పిల్ల తల్లినే చూస్తోంది.

చివరికి వాళ్లు కదిలారు. కోడలు గబగబా బియ్యంలో చెయ్యి పెట్టింది. అత్త ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. ఇంకా ఉన్నారు."

గుమ్మం బయట టోపీబాబు రెండో గుంపుకు టికెట్లు చింపుతున్నాడు.