బలహీనమైన భాగం

"ఈ గేటు ఎన్ని రకాలుగా చెడిపోవచ్చో అన్నీ రాయాలి," అన్నాడు నుర్బోలత్, పొద్దుతిరుగుడు గింజల పొట్టు నేలమీద ఉమ్ముతూ.

పొద్దున్నే తుడిచిన నేల అది. పదకొండేళ్ళుగా ఆ రైల్వే గేటు కాస్తున్న కుల్యాష్‌కి కంపరం పుట్టింది. అయినా నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టెల పళ్ళెం ముందుకు జరిపింది. నగరం నుంచి తనిఖీకి వచ్చిన ఇద్దరూ చేతులైనా కడుక్కోకుండా తినడం మొదలుపెట్టారు.

"గేటు దించే మోటారు?" అంది జనార్, ఆ నూనె వేళ్ళతోనే ఫారం తిప్పుతూ.

"నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆగలేదు. సున్నా అని రాయి."

"బయట పెట్టె తెరిచి చూడక్కర్లేదా?"

"ఈ చలిలోనా? నాలుగేళ్ళ కిందట బాగుచేసినట్టు కాగితం ఉందిగా!"

"బాబూ, నేను రాసిన ఉత్తరాలు అందాయా?" అడిగింది కుల్యాష్.

"అందాయి ఆపా. అన్నీ ఫైల్లో భద్రంగా ఉన్నాయి."

దూరంగా బండి కూత వేసింది. కుల్యాష్ చటుక్కున లేచి గది వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ ఇద్దరూ కిటికీలోంచి చూస్తుండగానే గేటు మెల్లగా దిగింది. బడిపిల్లల బస్సు వచ్చి దాని ముందు ఆగింది. గూడ్సు దడదడమంటూ వెళ్ళిపోయింది. గేటు మళ్ళీ లేచింది.

"చూశావా, యంత్రమంటే అదీ!" అన్నాడు నుర్బోలత్. "మరి మనిషో? సరిగ్గా బండొచ్చే వేళకి మాయం! రాసుకో. ఇక్కడ బలహీనమైన భాగం ఈవిడే. తీసేస్తే సరి."

రొప్పుతూ, ఎర్రబడ్డ అరచేతులు కోటుకి తుడుచుకుంటూ వచ్చిన కుల్యాష్ చెవిన ఆ మాట పడింది.

"నా ఉత్తరాలు చదివి కూడా నన్ను తీసేస్తున్నారా?"

"అలాంటివి రోజుకి పది వస్తాయి ఆపా. అన్నీ చదువుతూ కూర్చుంటామా? పెన్షనొస్తుంది, మనవల్ని ఆడించుకో."

"మరి రేపటినుంచి ఆ బస్సుకి పూచీ ఎవరిది?"

"మోటారుది," అన్నాడతను నవ్వుతూ.

ఛీ, వీళ్ళతోనా నా మాటలు, అనుకుంది కుల్యాష్. ఆమెకి కోపం కూడా రాలేదు, ఒట్టి రోత కలిగింది. చూపించిన చోటల్లా సంతకం పెట్టేసింది.

"మోటారు పెట్టె తాళంచెవి కూడా ఇచ్చెయ్."

"ఉండు నాయనా, నా సామాను తీసుకోనీ."

వాళ్ళని వెంటబెట్టుకుని బయటికి నడిచింది. వాళ్ళ కళ్ళముందే ఆ ఇనప పెట్టె తలుపు బార్లా తెరిచి, మసిబట్టిన తన టీ కెటిల్ చేతిలోకి తీసుకుంది.

పెట్టెలో ఇంకేమీ లేదు.