సీసా ఖాళీ

ఆరో రోజు కూడా సీసా నిండుగానే ఉంది.

డ్రైవరమ్మ దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి చూసింది. పొద్దున తాను పిండి పెట్టిన పాలు ఒక్క గీతైనా కిందికి దిగలేదు. మంచం మీద ఐదు నెలల కొడుకు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి, అమ్మ కనబడగానే మళ్లీ పెదవి విరిచాడు.

"ఒక్క చుక్కైనా తాగలేదా అత్తయ్యా?"

"తాగడమా? పాలపీక నోట్లో పెట్టగానే నాలుకతో బయటికి నెట్టేశాడు. ఆ తర్వాత నా మొహాన ఉమ్మాడు. దొరగారికి సీసా అంటే గిట్టదు, అంతే."

అత్తగారు నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి. "ఇంట్లో నీ వాసన తగుల్తుంటే వాడు సీసా ఎందుకు ముట్టుకుంటాడు? ఓ గంట బయటికి పో, మిగతాది నేను చూసుకుంటా" అంటూ రోజూ పదకొండింటికి కోడల్ని గుమ్మం దాటించేది ఆవిడే. డ్రైవరమ్మ ఆ గంటా బస్టాపులో కూర్చుని, వచ్చేపోయే బస్సుల గేర్ల చప్పుడు వింటూ గోళ్లు కొరుక్కునేది.

సోమవారం ఆమె డ్యూటీలో చేరాలి. పొద్దున బండెక్కితే మధ్యాహ్నం రెండింటి దాకా దిగే వీల్లేదు. ఆ రోజు రాకపోతే బండి వేరేవాళ్లకు ఇచ్చేస్తామని డిపో మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆ స్టీరింగంటే ఆమెకు ప్రాణం. కొడుకూ ప్రాణమే. రెంటికీ మధ్య ఈ సీసా వచ్చి అడ్డం పడింది.

చేయని ప్రయత్నం లేదు. పాలు వెచ్చబెట్టి చూశారు, చల్లార్చి చూశారు. మూడు రకాల పాలపీకలు మార్చారు. ఆమె విడిచిన నైటీని భర్త భుజాన కప్పుకుని పట్టబోతే, పిల్లాడు నైటీని గుప్పిట్లో బిగించి పైకి చూశాడు. అక్కడ మీసాలు కనబడేసరికి ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు.

ఆ సాయంత్రం ఆమె పిల్లాణ్ణి ఎత్తుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని కింది వాటా టైలరమ్మ దగ్గరికి వెళ్లింది. టైలరమ్మకు ఆర్నెల్ల కూతురుంది. సీసా కనబడితే చాలు, రెండు చేతులూ చాస్తుంది.

"మీ పిల్లకి ఎలా అలవాటు చేశావో చెప్పి పుణ్యం కట్టుకో."

టైలరమ్మ మిషను ఆపి, పళ్ల మధ్య దారం తీసింది. "నేనెక్కడ చేశానక్కా? పుట్టగానే పది రోజులు ఆస్పత్రిలో సీసాతోనే పట్టారు. ఇంటికొచ్చాక నా దగ్గరికి తీసుకుంటే మొహం తిప్పేసింది. అప్పట్నుంచి పిండడం, సీసాలో పొయ్యడం, ఇదే నా బతుకు. మీవాడికి నువ్వు తప్ప ఎవరూ వద్దు. మాదానికి నేను తప్ప ఏదైనా పర్లేదు."

నవ్వుతూనే చెప్పింది గానీ, ఆమె చూపు మాత్రం డ్రైవరమ్మ భుజాన్ని కరుచుకుని ఉన్న పిల్లాడి మీదే ఉంది. అత్తగారు ఈ మాటలేవీ పట్టించుకున్నట్టు లేదు. "నా జాకెట్టు కాస్త వదులు చెయ్యాలమ్మా, రేపొస్తా" అని లేచింది.

గురువారం డ్రైవరమ్మ తిరిగొచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే నిలబడి ఉంది.

"సీసా ఖాళీ" అంది.

నిజంగానే అడుగున నురగ తప్ప ఏమీ లేదు. లోపల పిల్లాడు పొట్ట నిండి, మూతి చివర పాలచుక్కతో ఆదమరచి నిద్రపోతున్నాడు. డ్రైవరమ్మ సీసాను గుండెకు హత్తుకుంది.

శుక్రవారమూ ఖాళీ. శనివారమూ ఖాళీ.

"ఎలా పట్టారు అత్తయ్యా? నాకూ చూపించండి."

"నువ్వుంటే పని చెడుతుంది. సోమవారం నిశ్చింతగా బండెక్కు. వీడి కడుపు నిండే పూచీ నాది."

డ్రైవరమ్మ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంది. ఆనందంగానే ఉంది. అయినా లోపల ఎక్కడో చివుక్కుమంది. ఐదు నెలలు తనను వదలనివాడు మూడు రోజుల్లో ఓ ప్లాస్టిక్ సీసాకు లొంగిపోయాడు మరి.

ఆదివారం పదకొండింటికి బయల్దేరి బస్టాపు దాకా వెళ్లింది గానీ, కాళ్లు నిలవలేదు. రేపు డ్యూటీకి పోయేముందు వాడు తాగడం ఒక్కసారి కళ్లారా చూడాలి. వెనక్కొచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా మెట్లెక్కింది. తలుపుకు తాళం వేసి ఉంది.

ఇంతలో కింది వాటాలోంచి అత్తగారి గొంతు వినబడింది. "తాగు బంగారం, ఇంకొక్క గుక్క."

గబగబా దిగి టైలరమ్మ తలుపు తోసింది. మిషను ఆగి ఉంది. టైలరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో, కొంగు చాటున, దొరగారు కళ్లు మూసుకుని గుటకలు వేస్తున్నాడు. పక్కనే చాప మీద అత్తగారి ఒళ్లో టైలరమ్మ కూతురు, డ్రైవరమ్మ పాలసీసాను రెండు చేతులా పట్టుకుని అడుగు దాకా తాగేసింది.

"నా దగ్గర తాగుతున్నాడక్కా" అంది టైలరమ్మ. ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. "రేపట్నుంచి నువ్వొచ్చేదాకా నా దగ్గరే ఉంచు."

డ్రైవరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "మూడు రోజులుగా నాతో అబద్ధమాడారా అత్తయ్యా?"

అత్తగారు తలైనా ఎత్తకుండా సీసాను ఇంకాస్త వంచింది.

"సీసా ఖాళీ అన్నాను. తాగింది నీ కొడుకని ఎప్పుడైనా అన్నానా?"