పైడిరాజు మాస్టారి గురి

తరగతిలో ఎవరు గుసగుసలాడినా పైడిరాజు మాస్టారు సుద్దముక్క విసిరేవారు. అది సరిగ్గా నుదుటికే తగిలేది. రిటైరయ్యాక కూడా ఆ సుద్దముక్కల పెట్టెను ఆయన వదల్లేదు. అందుకే ఇవాళ మధ్యాహ్నం ఆయన చితి మీద దాన్ని నేనే పెట్టాను.

చీకటి పడ్డాక నెల్లిమర్లలో మేం చదివిన బడిలోనే సంతాప సభ జరిగింది. అందరం లేచి మౌనంగా నిలబడ్డాం. అంతలో కరెంటు పోయింది. హుద్‌హుద్ తుఫాను తర్వాత అది మామూలే.

పక్కనున్న గిరిబాబు నా చెవిలో గొణిగాడు. “ఒరే, మాస్టారే ఉంటే ఈపాటికి నాకొకటి ఇసిరీసుందురు.”

టప్‌మని చప్పుడైంది.

“అబ్బా! ఎవుల్రా అది?” అన్నాడు నుదురు పట్టుకుని.

వాడు వంగి కింద తడిమాడు. ఏదో దొరికింది. చటుక్కున వదిలేశాడు.

“సుద్దముక్కేరా,” అన్నాడు. “ఇలా కాల్తన్నాదేటి?”