మూడో కిటికీ దగ్గర పోట్లాట

"పిచ్చాసుపత్రి వాళ్లకి గదులా? ఇప్పుడు గబ్లెత్స్ తినే వేళ. తర్వాత రండి," అంటూ గృహవసతి ఆఫీసు మూడో కిటికీలో మీసాలాయన ఆ గబ్లెత్స్ ఫలహారం ప్లేటు ముందుకు లాక్కున్నాడు.

మామూలుగా అయితే తిహానా "క్షమించండి" అని వెనక్కి తిరిగేదే. పోయిన వారం ఇదే ఆఫీసులో ఆమె చేసిన ఘనకార్యం అది. మానసిక వైద్యం నేర్చుకునే డాక్టరుకి మందులు రాయడమొక్కటే వస్తే చాలదు, రోగి తరఫున పోట్లాడటమూ రావాలంటుంది ప్రొఫెసర్. అందుకే, "మూడో కిటికీలో మన నాటకాలాయన్ని కూర్చోబెట్టాను. ఆయన మీద సాధన చెయ్యి," అని ఇవాళ వార్డులోని బర్తోల్‌ని వెంటబెట్టి పంపింది.

నటుడని తెలిశాక ఇంకా భయమెందుకు? తిహానా గొంతు ఆఫీసంతా మోగింది.

"ప్లేటు అవతల పెట్టండి! ఈ బర్తోల్ గారికి జబ్బు ఎప్పుడో నయమైంది. ఉండటానికి చోటు లేక ఇంకా వార్డులోనే పడున్నారు. మీ అన్నయ్యనైతే ఇలాగే తిప్పుతారా?"

"అది కాదమ్మా..."

"ఏది కాదు? గది ఇచ్చేదాకా నేను కదలను, మీరు తినరు!" అంటూ కిటికీలోంచి చెయ్యి పెట్టి ప్లేటు లాగేసుకుంది.

మీసాలాయన కళ్లు మెరిశాయి. టై సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

"మీ కోపం న్యాయమే మేడం. మిమ్మల్ని ఇబ్బంది పెట్టినందుకు మన్నించండి," అని టకటకా ముద్రలు వేసి, తాళంచెవి తీసి బర్తోల్ చేతిలో పెట్టాడు.

బర్తోల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తిహానా రెండు బుగ్గలూ ముద్దాడి, ఆమె నోరు తెరిచేలోగా పరుగున వెళ్లి ట్రామ్ ఎక్కేశాడు.

తిహానా కిటికీ వైపు తిరిగింది. ఇదంతా సాధనేనని బర్తోల్‌కి చెప్పడానికి కూడా పొద్దున ఆమెకి నోరు రాలేదు.

"అయ్యా, మీ నటన అద్భుతం. కానీ ఆయన పాపం నిజమనుకున్నాడు. లేని గదికి తాళంచెవి ఎందుకిచ్చారు? ఇప్పుడు నేనేం చెయ్యను?" అంది ఏడుపు గొంతుతో.

"లేకపోవడమేమిటి మేడం? గది ఉంది, రెండో అంతస్తులో, కిటికీలోంచి సావా నది కూడా కనిపిస్తుంది. మీ నాటకాల జట్టు ఆయనేమో ఈ ఆఫీసు పైఅంతస్తు మూడో కిటికీలో పొద్దుట్నించీ కునుకు తీస్తున్నాడు."

మీసాలాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కోపంగా వచ్చేవాళ్లతో మర్యాదగా ఉంటున్నామో లేదో చూడ్డానికి ఒక నటిని పంపుతామని మా పైఅధికారి చెప్పాడు. ఇంతకీ నాకెన్ని మార్కులేస్తారు?"