నాలుగు మడతల దుప్పటి

"మెడకు రెండు పక్కలా వెలుగుతోందమ్మా," అన్నాడు డాక్టరు, స్కాను బొమ్మ చూపిస్తూ.

లాండ్రీ నడిపే ఆవిడ ఆ బొమ్మ మీదికి వంగింది. లింఫోమా అనే క్యాన్సరుకు ఆరు నెలలు మందులెక్కించుకుని, గండం గడిచిందనుకున్న మనిషి.

"మళ్ళీ వచ్చిందా బాబూ?"

"అలా అనిపించడం లేదు. ఆ రోజు సూది వేసి పడుకోబెట్టిన గదిలో చలేసిందా?"

"చలా? పళ్ళు టకటకలాడాయి!"

"చలేస్తే ఒళ్ళు వెచ్చబెట్టడానికి మెడ దగ్గర ఒక రకం కొవ్వు రాజుకుంటుంది. మిషను కంట్లో అదీ వెలుగే, జబ్బూ వెలుగే. ఈసారి వెచ్చగా ఉంచి తీద్దాం."

ఆవిడ నమ్మితేనా! తడిబట్టనైనా పిండి చూస్తేగానీ తడని ఒప్పుకోని మనిషి. జబ్బు ముదిరితేనే ఇలాంటి కబుర్లు చెబుతారనుకుంది. పైగా వెంట వచ్చిన మొగుడు అక్కడున్న నర్సు వంక చూడటం, నర్సు తల దించుకోవడం ఓరకంట పట్టేసింది.

ఇంటికి రాగానే నిలదీసింది. "ఏమయ్యా, ఆ పిల్లతో ఏమిటా కనుసైగలు? ఆసుపత్రి వెనక గేటు దగ్గర నిన్ను మూడుసార్లు చూశానంది తోడికోడలు. నేనింకా ఎన్నాళ్ళు బతుకుతానని నీకు చెప్పారు?"

"ఛ! ఏం నోరే అది!" అన్నాడే తప్ప, గేటు సంగతి ఎత్తలేదు. దాంతో ఆవిడకు వారం రోజులు ముద్ద దిగలేదు.

రెండోసారి స్వెట్టరు, మేజోళ్ళు తొడిగి, గది వెచ్చగా ఉంచి స్కాను తీశారు. ఆ వెలుగు లేనే లేదు.

"జబ్బు లేదమ్మా. అది కొవ్వే," అన్నాడు డాక్టరు. నర్సు వైపు తిరిగి, "మొదటిసారి ఈవిడకు దుప్పటి ఇవ్వలేదా?" అని కసిరాడు.

"ఇచ్చానండీ! వచ్చి చూస్తే నాలుగు మడతలు పెట్టి, ఇస్త్రీ చేసినట్టు కాళ్ళ దగ్గరుంది."

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది, దాంతోపాటే నోరూ లేచింది. "ఎలా కప్పుకోమంటావు తల్లీ? పదిహేనేళ్ళు లాండ్రీ నడిపినదాన్ని. సరిగ్గా జాడించలేదు, సబ్బు కంపు! ఎవడో చేతకాని చవట ఉతికాడు."

నర్సు నవ్వాపుకుంటూ ఆవిడ మొగుడి వంక చూసింది. అతను తల గోక్కున్నాడు.

"చెబితే నువ్వు మంచం దిగొచ్చి టబ్బు ముందు కూర్చుంటావని దాచానే. ఆరు నెలలుగా ఆ వెనక గేటు దగ్గర ఈ ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్న చవటను నేనే."